అటక మీది సీసాల్లో ముందు ఏది తెరవాలి?

ప్రశ్న: నేను గుంటూరులో ఉంటున్న విశ్రాంత ఉద్యోగిని. మా అబ్బాయి, అల్లుడు అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా ఒకటో రెండో సీసాలు తెస్తూ వచ్చారు. నేను తాగేది ఎప్పుడో ఒకసారి కనుక అవన్నీ పోగుపడ్డాయి. పన్నెండేళ్ల సింగిల్ మాల్ట్ స్కాచ్ (ఒకే బట్టీలో బార్లీ మొలకలతో చేసిన విస్కీ) సీసాలు రెండు (2016లో తెచ్చినవి, ఒకటి ముప్పాతిక వంతు ఖాళీ అయింది), కాలిఫోర్నియా క్యాబర్నే రెడ్ వైన్ రెండు, నాసిక్ వైట్ వైన్ ఒకటి, షాంపేన్ ఒకటి, పోర్ట్ వైన్ ఒకటి, ఐరిష్ క్రీమ్ లిక్కర్ ఒకటి ఉన్నాయి. కొన్ని పై అంతస్తు గదిలో అటక మీద, కొన్ని మా ఆవిడ బీరువా అడుగు అరలో పడి ఉన్నాయి. వైన్ పాతబడేకొద్దీ రుచి పెరుగుతుందని విని దాచాను. వచ్చే నెలలో ఐదుగురు పాత సహోద్యోగులను ఇంటికి భోజనానికి పిలుస్తున్నాను. వీటిలో ఏవి పనికొస్తాయి, ఎలా వడ్డించాలి, మిగిలినవి ఎలా నిలవ చేయాలి? మా అబ్బాయి కొనిచ్చిన క్రిస్టల్ డికాంటర్‌లో (మద్యం వంపి వడ్డించే గాజు కూజాలో) విస్కీ పోసి ఉంచవచ్చా?

జవాబు: మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నా ధ్యాస సీసాల మీద కంటె మీ అటక మీదే ఉంది. గుంటూరులో పై అంతస్తు శ్లాబు ఏప్రిల్, మే నెలల్లో పగలంతా ఎండకు కాగి, రాత్రి పది దాటాక కూడా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. ఫ్యాను కింద కూర్చున్న మనకే ఊపిరాడని ఆ గదిలో, శ్లాబుకు జానెడు దూరంలో ఉన్న సీసా ఎన్ని వేసవులు గడిపిందో లెక్క వేసుకుంటే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. కాబట్టి ముందు ఆ సీసాలన్నిటినీ కిందికి దించించండి. వడ్డన సంగతి తరువాత చూద్దాం.

పాతబడేకొద్దీ రుచి అన్న మాట మన ఇళ్లలో సీసా దాచుకున్న ప్రతివారి నోటా వినిపించేదే. అయితే అందులో రెండు వేరు వేరు పదార్థాల కథలు కలిసిపోయాయి. విస్కీ, బ్రాందీ, రమ్ వంటివి ముదిరేది ఓక్ చెక్క పీపాలో. ఆ చెక్కలోంచి రంగునూ వాసననూ తీసుకుంటూ, చెక్క సందుల గుండా కొంత ఆవిరైపోతూ అవి ఏళ్ల తరబడి మారుతాయి. స్కాట్లండ్‌లో అలా ఏటా 2 శాతం దాకా గాలిలో కలిసిపోతుందని, దాన్ని వాళ్లు దేవదూతల వాటా అంటారని మీరు వినే ఉంటారు. బెంగళూరులో అమృత్ వారి సింగిల్ మాల్ట్ ముదిరే గోదాములో మన వేడికి ఆ వాటా 10 శాతం దాటుతుంది. మన దేవతలకు దాహం కాస్త ఎక్కువే అనుకోవాలి. పీపాలోంచి సీసాలోకి దిగిన రోజుతో ఈ కథ ముగుస్తుంది. గాజు సీసా ఏమీ ఇవ్వదు, ఏమీ తీసుకోదు. లేబుల్ మీది 12 అన్న అంకె, అందులో కలిపిన విస్కీలలో అతి పిన్నది పీపాలో గడిపిన సంవత్సరాలను చెబుతుందే తప్ప, సీసా మీ బీరువాలో గడిపిన కాలాన్ని లెక్కలోకి తీసుకోదు. 2016లో వచ్చిన మీ పన్నెండేళ్ల స్కాచ్ ఈనాటికీ పన్నెండేళ్లదే.

వైన్ దారి వేరు. అది సీసాలో కూడా మారుతూనే ఉంటుంది, కానీ ఆ మార్పు మంచివైపే సాగాలంటే ముందుగా ఆ వైన్‌కు అంతటి పులుపు, వగరు, సారం ఉండాలి, ఆపైన దాదాపు 12, 13 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో, కదలకుండా పడుకోవాలి. అంగళ్లలో దొరికే వైన్‌లలో ఎక్కువ భాగం కొన్న రెండు మూడేళ్లలో తాగేయడానికి తయారైనవే. తాటితోపుల పక్కన పెరిగిన మనకు దీన్ని అర్థం చేసుకోవడానికి విదేశీ పుస్తకాలు అక్కర్లేదు. తెల్లవారుజామున చెట్టు దిగిన కల్లు తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ ఘాటెక్కుతుంది, సాయంత్రానికి పుల్లబడుతుంది. వైన్‌లో కూడా బిరడా కింద మార్పు నెమ్మదిగా జరుగుతుంది, వేడి ఆ నెమ్మదిని చెడగొడుతుంది.

వేడి ఎలా చెడగొడుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ సీసాలను పరీక్షించే పద్ధతి అందులోనే ఉంది. పగలు వేడెక్కినప్పుడు వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, రాత్రి చల్లబడినప్పుడు కుంచించుకుని బిరడా అంచుల నుంచి పిసరంత గాలిని లోపలికి లాగుతుంది. ఏడాదికి మూడు నాలుగు నెలలు, ప్రతి రోజూ, ఈ పంపు ఆడుతూనే ఉంటుంది. అందుకే సీసా మెడ మీది రేకు తొడుగును వేళ్లతో పట్టుకుని తిప్పి చూడండి. అది సులువుగా తిరిగితే మంచి సూచన; కదలకుండా అంటుకుపోయి, దాని అంచున బెల్లం పాకం ఎండినట్టు ముదురు ఎరుపు చార కనిపిస్తే లోపలి వైన్ ఒకప్పుడు పైకి ఉబికి వచ్చిందన్నమాట. తొడుగు తీశాక బిరడా సీసా మూతి అంచుకు సమంగా ఉందా, ఒక నూలు పైకి లేచిందా చూడండి. సీసాను నిలబెట్టి మెడలో వైన్ మట్టాన్ని గమనించండి. బిరడాకూ వైన్‌కూ మధ్య ఖాళీ మెడ దాటి భుజం దాకా దిగితే ఆశ వదులుకోవచ్చు. చివరిగా సెల్‌ఫోన్ లైటు వెనక పెట్టి రంగు చూడండి. రెడ్ వైన్ అంచున ఇటుక రంగు వయసుకు సహజమే కానీ మొత్తం గోధుమ రంగుకు తిరిగితే కాదు. వైట్ వైన్ పలచని గడ్డి రంగు వదిలి తేనె రంగుకు వస్తే అది సాధారణంగా చచ్చిపోయినట్టే.

ఇక మీ సీసాలను ఒక్కొక్కటిగా చూద్దాం. అన్నిటికంటె ముందు తేల్చవలసింది క్రీమ్ లిక్కర్. దాన్ని మనవాళ్లు విస్కీ కోవలో వేసి ఎన్నాళ్లయినా ఉంటుందనుకుంటారు, కానీ అందులో ఉన్నది పాల మీగడ, మద్యం సుమారు 17 శాతం మాత్రమే. చల్లని చోట ఉంచినా తయారైన నాటి నుంచి రెండేళ్లే దాన్ని నమ్మవచ్చు. అటక మీద అంతకన్నా ముందే పాడయి ఉంటుంది. సీసా మీది గడువు తేదీ దాటి ఉంటే మూత తీసే శ్రమ కూడా వద్దు. తేదీ చెరిగిపోయి ఉంటే గ్లాసులో ఒక చెంచా పోసి చూడండి, పాలు విరిగినట్టు గడ్డలు కనిపించినా, పుల్లని వాసన వచ్చినా సింకులో పోసేయండి. అబ్బాయి ప్రేమతో తెచ్చాడన్న కారణంతో అతిథుల కడుపులు పాడుచేయకూడదు.

నాసిక్ వైట్ వైన్ మీద కూడా నాకు ఆశ లేదు. ఆ ప్రాంతపు వైట్ వైన్‌ల అందమంతా వాటి తాజాదనంలోనే ఉంటుంది. నాలుగైదేళ్లు మన వేడిలో ఉన్నదాన్ని వంటకు కూడా వాడవద్దని నా సలహా. పులుపు కావాలంటే మన ఇంట్లో చింతపండు ఉండనే ఉంది. షాంపేన్ బీరువా అడుగు అరలో ఉందా, అటక మీద ఉందా అన్నది మీరు రాయలేదు. కింద ఉండి, అయిదారేళ్లకు మించనిదైతే బుడగలు కాస్త నీరసించినా తాగదగిన స్థితిలో ఉండవచ్చు. కాలిఫోర్నియా రెడ్ వైన్‌లకు వగరూ సారమూ ఎక్కువ కాబట్టి అవి ఎంతో కొంత తట్టుకుని ఉండే అవకాశం ఉంది. పైన చెప్పిన పరీక్షలో నెగ్గితే ఒకటి విందుకు రెండు రోజుల ముందే తెరిచి మీరు ఒక గుక్క రుచి చూడండి. ఉడికించిన ద్రాక్షపండు, ఎండు ఖర్జూరం వంటి జీవం లేని తీపి తగిలితే అది ఎండ దెబ్బ. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడాలోని దోషం, దానికి మీ అటక బాధ్యత లేదు. రెండూ ఆరోగ్యానికి హాని చేయవు కానీ అతిథికి ఇవ్వదగినవి కావు. పోర్ట్ సంగతి కొంత నయం. పోర్చుగల్‌లోని డౌరో లోయలో ద్రాక్షరసం పూర్తిగా పులియకముందే ద్రాక్ష సారాయి కలిపి ఆ పులియడాన్ని ఆపేస్తారు, కనుక తీపి నిలుస్తుంది, మద్యం 19, 20 శాతానికి చేరుతుంది, వేడికి మామూలు వైన్ కంటె కొంచెం గట్టిగా నిలబడుతుంది. గోవాలో పోర్ట్ పేరుతో చవకగా అమ్మే తీపి వైన్ వేరు, దానికి ఈ మాటలు వర్తించవు.

స్కాచ్‌లలో మూత తీయనిది నిక్షేపంగా ఉంటుంది, ఒక్క షరతు మీద: అది ఇన్నాళ్లూ నిలబడి ఉండాలి. వైన్ సీసాను పడుకోబెట్టాలన్న నియమాన్ని విని చాలామంది విస్కీని కూడా పడుకోబెడతారు. 40 శాతం మద్యం బిరడాను కొరుక్కు తింటుంది, పొడిపొడి చేస్తుంది, ఆ చెక్క వాసనను విస్కీలో కలుపుతుంది. తెరిచేటప్పుడు బిరడా విరిగితే కంగారు పడవద్దు; ముక్కలు లోపల పడినా పలచని మల్లు గుడ్డలో వడకట్టి శుభ్రమైన సీసాలో పోసుకుంటే సరిపోతుంది. ముప్పాతిక వంతు ఖాళీ అయిన రెండో సీసా మాత్రం ఇక ఆగేది కాదు. విస్కీ సీసాలో ముదరకపోయినా గాలితో మాత్రం మాట్లాడుతూనే ఉంటుంది. సీసా నిండుగా ఉన్నంతకాలం ఆ గాలి పిసరంతే, ముప్పాతిక ఖాళీలో చాలా. వాసన పలచబడి, రుచి మొద్దుబారుతుంది, విషమేమీ కాదు. విందులో ముందు దాన్నే ముగించండి.

బీరువా గురించి ఒక మాట. పట్టుచీరల మధ్య సీసా దాచడం మన తరం అలవాటు. వచ్చినవారి కంట పడకూడదు, పిల్లలకు అందకూడదు, రెండూ సబబైన కారణాలే. కానీ చీరల మధ్య కలరా ఉండలు ఉంటాయి, ఆ ఘాటు లేబుళ్లకూ బిరడాలకూ పట్టుకుంటుంది, మూత తీయగానే ముక్కుకు ముందు తగిలేది అదే. కింది అంతస్తులో, ఎండ పడని గోడ వైపు, నేలకు దగ్గరగా ఉన్న చెక్క అలమరా అరలో, తాళం ఉన్నదైతే మరీ మంచిది, విస్కీ వంటి స్పిరిట్లను నిలబెట్టి పెట్టండి. వంటింట్లో వద్దు, ఫ్రిజ్ పైన అసలు వద్దు; కిటికీ పక్కన వద్దు, ఎందుకంటే వెలుతురు కూడా రుచిని పాడుచేస్తుంది, తెల్ల గాజు సీసాలో ఉన్నవాటిని మరీ త్వరగా.

వైన్‌కు మాత్రం మన కోస్తా ఇళ్లలో అలమరా చాలదు. పుస్తకాలన్నీ ఫ్రిజ్‌లో నెలల తరబడి వైన్ ఉంచవద్దంటాయి, మరీ చల్లనని, బిరడా ఎండుతుందని. ఆ పుస్తకాలు రాసినవారి ఇళ్ల కింద చల్లని నేలమాళిగలున్నాయి. మనకు ఉన్న ఎంపిక 4 డిగ్రీల ఫ్రిజ్‌కూ 38 డిగ్రీల అలమరాకూ మధ్య, కాబట్టి నేను మార్చి నుంచి జూన్ దాకా ఫ్రిజ్ అడుగున కూరగాయల అరనే ఎంచుకుంటాను. బిరడా ఉన్న సీసాను పడుకోబెట్టండి, మరమూత ఉన్నదాన్ని ఎలా పెట్టినా ఒకటే. అన్నిటికంటె మేలైన పద్ధతి ఏమిటంటే, వైన్‌ను నిలవ చేయకుండా కావలసినప్పుడే కొనుక్కోవడం.

కొనడం అన్నాను కనుక, మన ఊళ్లలో వైన్స్ అని బోర్డు ఉన్న దుకాణంలో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయన్న సంగతి మీకు తెలియనిది కాదు. ఉన్న నాలుగు వైన్ సీసాలు పై అరలో ట్యూబ్‌లైటు పక్కన దుమ్ము పట్టి ఉంటాయి. నేను ఒకసారి పడమర ఎండ పడే అద్దాల అంగడిలో అలాంటి సీసా కొని, ఇంటికి తెచ్చి తెరిస్తే, వెనిగర్‌కు దారిలో ఉన్న ద్రవం దొరికింది. సరుకు త్వరగా అమ్ముడుపోయే పెద్ద దుకాణంలో, నీడలో పడుకోబెట్టిన సీసాను, లేబుల్ మీద ద్రాక్ష కోతల సంవత్సరం చూసి తీసుకోండి. నాసిక్‌లో కోతలు జనవరి నుంచి మార్చి మధ్య జరుగుతాయి. వైట్ వైన్ అయితే గత ఏడాదిదో ఈ ఏడాదిదో అయి ఉండాలి. మీ విందుకు నేను చెప్పేది నాసిక్ షెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ రెండు సీసాలు కొనమని. స్వదేశీ రెడ్ వైన్ మీద కుతూహలం ఉంటే హంపీ కొండల దగ్గరి కృష్మా తోటల క్యాబర్నే ప్రయత్నించవచ్చు. ఆ తోటలు వేసింది హైదరాబాదు పారిశ్రామికవేత్త చిగురుపాటి కృష్ణప్రసాద్ దంపతులు.

షెనిన్ బ్లాంకే ఎందుకంటారేమో. మీ ఇంటి భోజనంలో గుంటూరు మిరపకాయ ఉంటుందన్న నమ్మకంతో చెబుతున్నాను. నోట్లో కారం మంట ఉన్నప్పుడు మద్యం ఆ మంటను చల్లార్చకపోగా ఎగదోస్తుంది. వగరు ఎక్కువున్న రెడ్ వైన్ దానికి చేదును కూడా జోడిస్తుంది. మీ కాలిఫోర్నియా క్యాబర్నేలో సుమారు 14 శాతం మద్యం ఉంటుంది, నాటుకోడి పులుసుతో పాటు దాన్ని ఇస్తే పులుసూ వైనూ రెండూ నష్టపోతాయి. తక్కువ మద్యం, కాస్త తీపి, బాగా చల్లదనం ఉన్న వైట్ వైన్ కారానికి తోడు నిలుస్తుంది. గోంగూర వంటి పుల్లని వంటకం పక్కన పులుపు తక్కువున్న వైన్ చప్పబడిపోతుంది, కనుక అక్కడ సావిన్యోన్ బ్లాంక్ వంటి పదునైనది కావాలి. క్యాబర్నేను నిజంగా ఇవ్వదలిస్తే మిరియాలు, అల్లం, కాస్త కొవ్వు ఉన్న మటన్ వేపుడు కారం తగ్గించి చేయించండి. మాంసంలోని కొవ్వు, మాంసకృత్తులు ఆ వగరును మెత్తబరుస్తాయి. షాంపేన్ బాగుంటే దాన్ని మొదట్లోనే, వేడి వేడి మిరపకాయ బజ్జీలతో కాకుండా ఉల్లి పకోడీలతో, పునుగులతో ఇవ్వండి. నూనె పదార్థాన్ని ఆ బుడగలూ పులుపూ నోట్లోంచి కడిగేసినట్టు ఉంటుంది. నన్నడిగితే షాంపేన్‌కు పెళ్లి వేదిక మీద పొంగించడం కంటె పునుగులతో తాగడమే మర్యాద.

రెడ్ వైన్‌ను గది వేడిమిలో వడ్డించాలన్న సూత్రం యూరప్ చలి గదుల్లో పుట్టింది, అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మన గది 30 డిగ్రీలు ఉంటే ఆ వైన్‌లో మద్యపు ఘాటు తప్ప మరేదీ తెలియదు. రెడ్ వైన్‌ను కూడా వడ్డించడానికి గంట ముందు ఫ్రిజ్‌లో పెట్టండి. వైట్ వైన్‌కు 8 నుంచి 10 డిగ్రీలు, షాంపేన్‌కు 6 నుంచి 8 డిగ్రీలు కావాలి కనుక వాటిని పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టేయవచ్చు. మరిచిపోతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసాను మెడ దాకా ముంచండి. ఉత్త ఐసు ముక్కల కంటె నీళ్లు గాజును అన్ని వైపులా తాకుతాయి కాబట్టి ఇరవై నిమిషాల్లో పని అవుతుంది. డీప్ ఫ్రీజర్ జోలికి మాత్రం వెళ్లవద్దు. వైన్ సుమారు సున్నాకు 5, 6 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది, ఫ్రీజర్ సున్నాకు 18 డిగ్రీల దిగువన ఉంటుంది. నేను ఒక రాత్రి త్వరగా చల్లబడుతుందని బుడగల వైన్ అందులో పెట్టి, కబుర్లలో పడి మరిచిపోయాను. తెల్లవారి చూస్తే బిరడా ఐస్‌క్రీమ్ డబ్బాలో, వైన్ మొత్తం బఠానీల సంచి మీద గులాబీ రంగు మంచుగా ఉంది.

షాంపేన్ తెరవడంలో జాగ్రత్త గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆ సీసాలోని ఒత్తిడి 5, 6 అట్మాస్ఫియర్లు, కారు టైరులోని ఒత్తిడికి రెండింతలకు పైగా. వెచ్చగా ఉంటే ఇంకా ఎక్కువ. బాగా చల్లబరిచి, తుడిచి, మెడను మనుషుల వైపు గానీ దీపాల వైపు గానీ చూపకుండా కాస్త ఏటవాలుగా పట్టుకోండి. తీగ వలను ఆరు అర చుట్లు విప్పేంతసేపూ, ఆ తరువాతా, బిరడా మీద బొటనవేలు తీయవద్దు. బిరడాను గట్టిగా పట్టుకుని కింది సీసాను తిప్పండి. బిరడా తనంతట తాను పైకి వస్తున్నట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు దాన్ని వెనక్కి నొక్కుతూ, వదిలీ వదలనట్టు రానిస్తే ఢామ్మని కాకుండా నిట్టూర్పులాంటి చప్పుడుతో ఊడుతుంది.

గ్లాసుల కోసం డబ్బు తగలేయవద్దు. పొట్ట వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉన్న కాడ గ్లాసులు ఆరు ఉంటే వైన్‌కూ పోర్ట్‌కూ షాంపేన్‌కూ అవే చాలు. షోకేసులో బోర్లించిన గ్లాసులకు ముక్కిన వాసన పడుతుంది, కాబట్టి ముందురోజే వేడినీళ్లతో కడిగి గాలికి ఆరనివ్వండి, సబ్బు వాసన గానీ పప్పు జిడ్డు గానీ ఉండకూడదు. మూడో వంతుకు మించి నింపవద్దు. పైన ఖాళీ ఉంటేనే వాసన నిలుస్తుంది. స్కాచ్‌ను సోడాతో నింపేయడం మన అలవాటు, దాన్ని తప్పని నేననను, కానీ సింగిల్ మాల్ట్‌ను మాత్రం మొదట ఒక చిన్న పెగ్గు, ఒక చెంచా మామూలు నీళ్లతో ఇచ్చి చూడండి. కొద్ది నీరు కలిస్తే వాసననిచ్చే పదార్థాలు కొన్ని ఉపరితలానికి వస్తాయి, నిండా ఐసు వేస్తే ఆ వాసనలే ముడుచుకుపోతాయి.

ఎంత పోయాలన్న లెక్కలో మనవాళ్లు ఎప్పుడూ పొరబడేది వైన్ దగ్గర. చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లు, స్కాచ్ 40 శాతం కాబట్టి అందులో అసలు మద్యం 12 మిల్లీలీటర్లు. 14 శాతం ఉన్న రెడ్ వైన్ గ్లాసు 150 మిల్లీలీటర్లు అనుకుంటే అందులో 21 మిల్లీలీటర్లు. అంటే వైనే కదా అని పోసిన ఒక గ్లాసు దాదాపు చిన్న పెగ్గులు రెండింటికి దగ్గరగా వస్తుంది. 750 మిల్లీలీటర్ల సీసాకు అయిదు గ్లాసులు. ఆరుగురికి వైట్ వైన్ రెండు సీసాలు, ఆ పావు వంతు మిగిలిన స్కాచ్ సరిపోతాయి. మీ వయసు మిత్రుల్లో చక్కెరకూ రక్తపోటుకూ మాత్రలు వేసుకోని వారు అరుదు. కొన్ని చక్కెర మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఖాళీ కడుపున మద్యం పడితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, నిద్రమాత్రలతో అయితే ఇంకా ప్రమాదం. కాబట్టి తిండి ముందు, గ్లాసు తరువాత. వద్దన్నవారిని ఒక్కటే ఒక్కటే అని బతిమాలవద్దు, వారికి చల్లని నిమ్మకాయ సోడా సిద్ధంగా ఉంచండి. బండి నడిపేవారి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే మన దేశంలో నేరం, తాగినవారిని ఆటోలోనో, తాగని డ్రైవరుతోనో పంపించండి.

మిగిలిపోయిన వైన్‌కు, రెడ్ అయినా వైట్ అయినా, మళ్లీ బిరడా పెట్టి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. మూడు నాలుగు రోజులు ఉంటుంది. సగం కంటె తక్కువ మిగిలితే చిన్న సీసాలోకి మూతి దాకా నింపుకుంటే ఇంకొంచెం నిలుస్తుంది, గాలి తగ్గుతుంది కాబట్టి. షాంపేన్ మరునాటికే చప్పబడుతుంది. పోర్ట్ ఫ్రిజ్‌లో రకాన్ని బట్టి మూడు నాలుగు వారాల దాకా మీకు తోడుంటుంది, భోజనం తరువాత చిన్న గ్లాసుడు, ఒక జీడిపప్పు ముక్క, అంతే.

డికాంటర్ విషయానికి వస్తే, పాత పద్ధతి క్రిస్టల్ గాజులో సీసం కలుస్తుంది, మద్యం దాన్ని నెమ్మదిగా తనలోకి లాక్కుంటుంది. ఒక సాయంత్రానికి పోసి వడ్డించడంలో భయమేమీ లేదు, వారాల తరబడి నిలవ ఉంచడం మాత్రం వద్దు. మీ డికాంటర్ పెట్టె మీద సీసం లేనిదని స్పష్టంగా రాసి ఉంటే వేరు, అప్పుడు కూడా దాని గాజు మూత బిరడా అంత బిగువుగా ఉండదు కనుక వాసన పోతుంది. దాన్ని క్యాబర్నేకు వాడుకోండి, గ్లాసుల్లో పోయడానికి అరగంట ముందు అందులో వంపితే వగరు కాస్త మెత్తబడుతుంది. సీసాను ముందురోజే నిలబెట్టి ఉంచితే అడుగున చేరిన మడ్డి అందులోకి రాదు.

విదేశాల నుంచి వచ్చే ఒక్కొక్కరు 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తేవచ్చు. కానీ ఇంట్లో లైసెన్సు లేకుండా ఎన్ని సీసాలు ఉంచుకోవచ్చన్నదానికి ప్రతి రాష్ట్రానికీ వేరే పరిమితి ఉంటుంది, అది మారుతూ కూడా ఉంటుంది. ఇకముందు కానుకలు పెరిగేలా ఉంటే మీ ఎక్సైజు స్టేషన్‌లో ఒకసారి అడిగి తెలుసుకోండి, తెచ్చిన బిల్లులు దాచండి. విందు అయ్యాక ఖాళీ స్కాచ్ సీసాలను అట్టపెట్టెతో సహా పాత సామాన్ల వాడికి ఇచ్చేయవద్దు. మంచి పేరున్న విదేశీ సీసాలకు కల్తీ సరుకు నింపేవారి దగ్గర గిరాకీ ఉంటుంది. నీళ్లలో నానబెట్టి లేబుల్ గీకేయండి, పెట్టె చింపేయండి, బిరడా వేరే చెత్తలో వేయండి, ఆ తరువాతే సీసాను బయట పెట్టండి.